జ్ఞానమీమాంసలో విషయం, వస్తువు: దిఙ్నాగ, అన్నంభట్టుల దృక్పథాలు – ఒక పరిశీలన

తెలుగులో జ్ఞానమీమాంసను చర్చించేటప్పుడు ‘ఆబ్జెక్ట్’ అనే మాటకు ‘వస్తువు’, ‘విషయం’ అనే పదాలను తరచు పర్యాయాలుగా వాడుతుంటాం. ఈ అలవాటు వల్ల భారతీయ తత్త్వశాస్త్రంలోని ఒక ప్రధాన వివాదం మరుగున పడుతుంది. వస్తువు జ్ఞానంతో నిమిత్తం లేకుండా ఉండేది. విషయం ఒక జ్ఞానంలో భాసించేది. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకటేనా అన్నదే ఆ వివాదం.

దిఙ్నాగుడు (క్రీ.శ. 5–6 శతాబ్దాలు) ఆలంబనపరీక్షలో ఈ ప్రశ్నను ఎనిమిది కారికలలో విచారించాడు. ఆలంబనం జ్ఞానానికి కారణం కావాలి. దాని ఆకారమే జ్ఞానంలో భాసించాలి. పరమాణువులు కారణమైనా వాటి ఆకారం భాసించదు. వాటి సముదాయం భాసించినా, దృష్టిదోషం గలవానికి కనబడే రెండవ చంద్రునివలె, ద్రవ్యసత్తు కాదు గనుక కారణం కాజాలదు. కావున బాహ్యంగా ఉన్నట్లు తోచే జ్ఞానాంతర్గత ఆకారమే ఆలంబనమని ఆయన సిద్ధాంతం.

న్యాయ సంప్రదాయం ఈ నిర్ణయాన్ని అంగీకరించదు. ఆకారం వస్తువుదే గాని జ్ఞానానిది కాదు. కుండ తన అవయవాలకు భిన్నమైన నిజమైన అవయవి. ఆంధ్రుడైన అన్నంభట్టు (17వ శతాబ్దం) తర్కసంగ్రహంలో, ఒక ధర్మం ఉన్నచోటనే ఆ ధర్మాన్ని ప్రకారంగా గ్రహించడం యథార్థానుభవమన్నాడు. ముత్యపుచిప్పను వెండిగా చూసినప్పుడు ఎదుటి చిప్ప నిజం. వేరొకచోట వెండీ నిజమే. అక్కడ లేనిది వాటి సంబంధం మాత్రమే.

రెండు వాదాలకూ ఇబ్బందులున్నాయి. మొదటి చంద్రుడుంటేనే రెండవ చంద్రుడు అసత్యమవుతాడు. అన్నీ అంతర్గత ఆకారాలే అయినప్పుడు ఆ భేదాన్ని దేనితో నిలపాలి? దిఙ్నాగుడు చెప్పిన ‘శక్తి’ ఆకారాల క్రమాన్ని వివరించగలదు గాని, సత్యాసత్య వివేచనకు అదొక్కటే చాలదు. నైయాయికునికి ఆ వివేచన సులభమే. అయితే ‘ఇది వెండి’ అన్న భ్రమలో భాసించే విశిష్టరూపం ఏ చోటా వస్తువుగా లేదు. అయినా అది విషయమయింది. అంటే వస్తువాదికి సైతం విషయాన్ని వస్తువుతో పూర్తిగా సమీకరించడం సాధ్యం కాదు.

కనుక విషయత్వం వస్తువుకు సహజమైన గుణం కాదు. జ్ఞానంతో ఏర్పడే సంబంధం. ఆ సంబంధం ఎదుటనున్న దానికి అనుగుణంగా ఉన్నదా లేదా అన్నదే ప్రమాణవిచారణ. ‘విషయం’ అనవలసిన చోట ‘వస్తువు’ అని అనువదిస్తే, విచారణ మొదలు కాకముందే వస్తువాదం పక్షాన తీర్పు ఇచ్చినట్లవుతుంది. తెలుగులో తత్త్వశాస్త్ర రచన చేసేవారు ఈ రెండు పదాలనూ వేరువేరుగా నిలుపుకోవడం అవసరం.