కాచమును మణియును: ఒక గాజుశిల్పశాలావిమర్శనము

మన వాఙ్మయమున గాజునకు గౌరవము తక్కువ. నీతికారులకు యోగ్యాయోగ్యభేదము చెప్పవలసివచ్చినప్పుడెల్ల యోగ్యునకు మణియు, నయోగ్యునకుఁ గాచమును నుపమానములైనవి. కాచము మెఱసినను నది యెరువుమెఱుఁగనియు, మణిసన్నిధిని దాని బండారము బయటఁబడుననియు వారి తాత్పర్యము. లోకవ్యవహారము మాత్రమిట్లు లేదు. కాచశబ్దభవమైన గాజు తెలుఁగున ద్రవ్యమునకును, ఆ ద్రవ్యముతోఁ జేసి స్త్రీలు చేతులకుఁ దొడుగుకొను నాభరణమునకును నొక్కటే పేరై, పెండ్లియందును సీమంతమునందును మంగళవస్తువై నిలిచినది. కవి తూలనాడినదానిని గృహిణి చేతఁ దాల్చినది. ఈ రెండు తీర్పులలో నేది న్యాయమో విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఒక్క గాజుశిల్పి కృతులకే యేర్పడిన ప్రదర్శనశాలను జూచినమీఁదట నీవిచారము నాకుఁ గలిగినది.

అమెరికాదేశమున సియాటిల్ నగరమునందు, స్పేస్ నీడిల్ అను నున్నతగోపురము చెంత, 2012వ సంవత్సరము మే నెలలో 'చిహూలీ గార్డెన్ అండ్ గ్లాస్' అను శాల తెఱవఁబడినది. ఇందు లోపలిగదులు, గాజుమేడ, తోఁట యని మూఁడు భాగములు గలవు. దీనికిఁ బేరిచ్చిన డేల్ చిహూలీ 1941లో ఆ ప్రాంతమునందలి టకోమాలో జన్మించెను. అతఁడు 1968లో వెనిస్ నగరమునకుఁ బోయి, వెనీనీవారి కర్మశాలలో గాజుపనివారు జట్టుగాఁ గూడి పనిచేయు పద్ధతిని గమనించెను. 1971లో పిల్చక్ గాజుపాఠశాలా స్థాపకులలో నొకఁడయ్యెను. ఇంతవఱకుఁ జరిత్రము. ఇఁక విమర్శము.

మనవారు మెచ్చినది స్ఫటికము. నన్నయభట్టు సభాపర్వమున మయసభను వర్ణించుచోట దుర్యోధనుఁడు స్ఫటికస్థలమును జలమనియు, జలమును స్థలమనియు భ్రమపడుట సుప్రసిద్ధము. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమును ద్రవ్వించినప్పుడు ధాతువులు స్ఫటికకరండమునందే దొరకినవి. కరండశిలలపైని ప్రాకృతశాసనమునను స్ఫటికసముద్గము పేర్కొనఁబడియున్నది. పూజ్యమైనది స్ఫటికమున నుంచఁదగునని మన పూర్వులు తలంచిరి. దార్శనికులును స్ఫటికమునే దృష్టాంతముగాఁ గైకొనిరి. జపాకుసుమము చెంత నున్న స్ఫటికము ఎఱ్ఱఁగాఁ దోఁచును. పువ్వు తొలఁగింపఁగానే తెల్లనగును. ఆ రక్తిమ దానిది గాదు.

గాజు స్వభావము వేఱు. ఇసుకయు, క్షారమును, సున్నమును గలిపి మహాగ్నిలోఁ గరఁగించినఁ గాని గాజు పుట్టదు. అమరసింహుఁడు కాచమునకు క్షారమని పర్యాయము చెప్పుటనుబట్టి యీయుత్పత్తిక్రమము ప్రాచీనులెఱిఁగినదే యని తోఁచుచున్నది. ఆ పాకములోఁ గోబాల్టు చేరిన నీలమును, బంగారము చేరినఁ గెంపురంగును గలుగును. ఈ వన్నె పొరుగుపువ్వునుండి వచ్చినది కాదు. కరఁగినప్పుడే ద్రవ్యమునఁ గలసినది. కాఁబట్టి స్ఫటికదృష్టాంతము గాజునకుఁ జెల్లదు. రంగు గాజుసొత్తు, వెలుఁగు మాత్రమే యెరువు. ఆ వెలుఁగు లేనిచో రంగున్నను గానరాదు. మఱియొక విశేషము: మణి దొరకునది, గాజు చేయఁబడునది. మణికారుఁడు సానపట్టి తీసివేయును; గాజుపనివాఁడు ఇనుపగొట్టమున నూపిరినూఁది పెంచును. ఇట్లు శ్వాసము సాధనముగాఁ గల శిల్పము వేఱొకటి యరుదు.

ఈ స్వభావభేదమును దెలిసి చేసిన కృతులు శాలలో నున్నవి. వానిలోఁ బ్రథమగణ్యములు 'బుట్టలు'. టకోమాలోఁ బ్రదర్శింపఁబడిన ఆదిమజాతులవారి యల్లికబుట్టలను జూచి, 1977లో చిహూలీ వీనిని మొదలిడెను. ఆ బుట్టలు పాతఁబడి, తమ బరువునకుఁ దామే యొకప్రక్కకు వాలియుండెను. వేఁడిగాజును నట్లే తనబరువునకు వాలి వంగును. శిల్పి దానిని నిలువరింపక, ఆ వాలునే రూపముగాఁ గైకొనెను. శాలయందీ గాజుబుట్టలచెంతనే నిజమైన యల్లికబుట్టలనుంచుట మెచ్చఁదగినది. అనుకరణమేదో, స్వతంత్రకల్పనమేదో చూపరి తానే తూఁచికొనవచ్చును. మణి వంగదు, వంగుట కాచధర్మము. ఆ ధర్మమును దోషముగాక గుణముగాఁ బ్రయోగించుటయే యిచ్చటి ప్రతిభ.

అయినను లోపలిగదులలోఁ బెక్కింట నీతత్త్వము మఱుగుపడినది. గోడలకు నల్లరంగు, నడుమ గాజు, దానిపై విద్యుద్దీపములు. 'పర్షియన్ సీలింగ్' అను గదిలోఁ జదునైన గాజుకప్పుపై నానావర్ణములైన గాజువస్తువులను గుప్పవోసి, పైనుండి దీపములు వెలిగించిరి. చూడఁగనే యానందమగును; కొంతసేపటికి నేత్రము తనియుటకు మాఱుగా విసువుఁజెందును. దీపము మాఱదు గనుక వన్నెయు మాఱదు. నగలంగడిలో రత్నములను జూపుపద్ధతి యిదియే. అనఁగా గాజునకు గౌరవము చేయఁబూని, మరల దానికి మణివేషమే వేసినట్లయినది. మన నీతికారులు చేసిన యన్యాయమే యిచ్చటఁ బ్రశంసారూపమున జరిగినది.

గదులు దాఁటి గాజుమేడఁ బ్రవేశించినప్పుడు భేదము తెలియును. నలువదియడుగుల యెత్తుగల యామేడకు గోడలును గప్పును గాజే. అందు నూఱడుగుల నిడివిని ఎఱుపు, నారింజ, పసుపు వన్నెల పుష్పాకృతులు గుత్తులుగా వ్రేలాడుచున్నవి. సియాటిల్ మబ్బులనగరము. మబ్బు గ్రమ్మినఁ బువ్వులు నిప్పుకలవలె లోలోన నణఁగును; మబ్బు విచ్చినఁ బ్రజ్వరిల్లును. గడియకొక రూపము. తోఁటలోను నంతియే: నిజమైన యాకులనడుమ గాజుకాండములు నిలిచి, ప్రొద్దునకొకరీతిని, మధ్యాహ్నమునకొకరీతిని గానఁబడును. ఇట గాజు మణివలె మెఱయుటలేదు, గాజువలె వెలుఁగుచున్నది.

మా రావివలసవారికీ వివేకము క్రొత్తది గాదు. టెక్కలిచెంత మాయూర వెలసిన ఎండల మల్లికార్జునస్వామి మహాలింగమునకుఁ బైకప్పు లేదు. స్వామి కప్పునొల్లఁడనియు, ఎండయే యాయనకు నాలయమనియు మావారి విశ్వాసము. భక్తివిషయమును శిల్పవిమర్శముతో ముడిపెట్టుట నా యుద్దేశము గాదు. కొన్ని వస్తువులకు సూర్యుఁడే యలంకర్తయనియు, వానికి గర్భగృహము గట్టుట యుపచారము గాదనియు నీస్థలమునుండి గ్రహింపవచ్చునని మాత్రమే చెప్పుచున్నాను.

ఇఁకఁ గర్తృత్వవిచారము. 1976లో ఇంగ్లండునఁ గలిగిన మోటారుప్రమాదమున చిహూలీ యెడమకంటి చూపు పోయినది. 1979లో భుజమునకు దెబ్బతగిలి, గొట్టమునుబట్టి యూఁదుట మానెను. నాఁటినుండి యతఁడు రేఖలు గీసి, వన్నెలు నిర్ణయించి, పనిని నడపువాఁడు. ఊపిరియుఁ జేతులును జట్టువారివి. శాలకుఁ బేరు మాత్ర మొక్కనిదే. ఆముక్తమాల్యద రాయలదా, పెద్దనదా యని వాదించిన మనకిట్టి ప్రశ్న వింత గాదు. కాని యిచ్చట మఱుఁగేమియు లేదు. జట్టుపని యని యందఱెఱుఁగుదురు. ఆలయమునకు స్థపతియెట్లో యీకృతులకు చిహూలీ యట్లు. స్థపతి పేరు నిలుచుట తగును. అయినను గాజునందుఁ బనివాని శ్వాసమే రూపమగుటచే, నితరశిల్పములకంటె నిందు సహకారుల భాగము హెచ్చు. ప్రతికృతిచెంతను వారి పేళ్లుండుట న్యాయము.

మనదేశమున నాయొక్క పేరును లేదు. హైదరాబాదున 1951లోఁ దెఱవఁబడిన సాలారుజంగు ప్రదర్శనశాలలో గాజువస్తువులెన్నియో యున్నవి. శాల సంగ్రాహకుల పేర నున్నది. శ్రీకాళహస్తికిఁ జేరువనున్న పాపానాయుడుపేటలో గాజుపూసల వృత్తి యుండెను. కరఁగిన గాజుముద్దను ఇనుపగొట్టమునకుఁ బట్టించి, నడుమ బోలుచేసి, సన్నని గొట్టముగా సాఁగదీసి, తునుకలుచేసి, మరల వేఁడిచేసి యంచులను నునుపుచేయుదురు. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికాపండితుఁడు దీనిని బరిశీలించి, రెండువేలయేండ్లనాఁటి అరికమేడు పూసల పద్ధతికి నీపద్ధతి సంబంధించినదని నిరూపించెను. సముద్రములు దాఁటి తూర్పుదీవులకుఁ బోయిన యిట్టి పూసలను జేసినవారిలో నొక్కని పేరైనను మనకు దక్కలేదు. వాని విలువ నెఱిఁగించుటకుఁ బరదేశీయుఁడు రావలసివచ్చుటకు మణిపక్షపాతమే కారణమని నాతలంపు.

ఈ పక్షపాతము గాజుతో నాఁగలేదు. పదమును, దంపుళ్లపాటను, తత్త్వమును మహాకావ్యలక్షణములచేఁ గొలిచి కొఱంతయున్నదనువారు కాచమును మణితూనికను దూఁచువారే. మణి కాకపోవుట కాచమునకు దోషము గాదు. కాచధర్మము చెడినప్పుడే దోషము. కావునఁ బరిశోధకులు పాపానాయుడుపేట పెద్దల నోట నున్న వృత్తిపదములను, పనిముట్ల పేళ్లను, పాకభేదములను విలంబింపక వ్రాసియుంచవలయును. మన నిఘంటువులలో మణిభేదములకుఁ గొదువలేదు. గాజుకొలిమికడ పుట్టిన తెలుఁగుమాటలకును వానిలోఁ జోటు గలుగవలయును.