అందంగా ఉండటం, అందంగా పాడటం

ఇంగ్లీషులో అడ్జెక్టివ్ అంటే నామవాచకపు గుణాన్ని చెప్పే విశేషణమనీ, అడ్వర్బ్ అంటే ప్రధానంగా పని జరిగిన తీరును చెప్పే క్రియావిశేషణమనీ బడిలో నేర్పే నిర్వచనం తెలుగు విద్యార్థికి సులువుగానే బోధపడుతుంది. ‘అందమైన పాట’, ‘అందంగా పాడింది’ అనే ప్రయోగాల్లో తెలుగు కూడా ఇదే తేడాను పాటిస్తుంది కనుక. చిక్కు ‘ఆమె అందంగా ఉంది’ అన్నప్పుడు వస్తుంది. ఇక్కడ ‘గా’ చేరిన మాట ఉండటమనే పనిని కాక ఆమెనే వర్ణిస్తుంది. ‘గా’ వినబడిన ప్రతిచోటా ‘లీ’ తగిలించే అలవాటున్నవారు ‘షి లుక్స్ బ్యూటిఫుల్’ అనవలసిన చోట ‘బ్యూటిఫుల్లీ’ అనడానికి కారణం ఇదే.

కర్తను దాని గుణంతో కలపడమే పనిగా గల క్రియను ఇంగ్లీషు వ్యాకర్తలు లింకింగ్ వెర్బ్ అంటారు. దాని తరువాత రావలసింది అడ్జెక్టివ్. సీమ్, బికమ్ వంటివి పెద్దగా ఇబ్బంది పెట్టవు కాని లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్ అనేవి ఒకచోట గుణాన్ని కలుపుతూ, మరొకచోట పనిని తెలుపుతూ రెండు విధాలా నడుస్తాయి. ఆ క్రియను తీసి ‘ఈజ్’ పెట్టినా వాక్యం నిలిస్తే అడ్జెక్టివే వాడాలన్నది బడిపంతుళ్ల పరీక్ష. తెలుగువారికి ఇంతకంటే దగ్గరి దారి ఉంది: ‘హి లుక్డ్ యాంగ్రీ’ అంటే కోపంగా కనబడ్డాడని, ‘హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద బాయ్’ అంటే కుర్రవాణ్ణి కోపంగా చూశాడని అర్థం కాబట్టి, తెలుగులో ‘కోపంగా’ అలాగే ఉండి క్రియ మారితే, ఇంగ్లీషులో క్రియ అలాగే ఉండి విశేషణం మారుతుంది. వాసన రావడానికీ వాసన చూడటానికీ మధ్య ఉన్నదీ ఈ తేడాయే.

గుడ్, వెల్ జంటకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. కూర రుచి గుడ్, పాడే తీరు వెల్. ఆరోగ్యాన్ని చెప్పే ‘వెల్’ మాత్రం అడ్జెక్టివే.

ఏది అడ్జెక్టివో ఏది అడ్వర్బో రూపాన్ని చూసి పోల్చుకోలేకపోవడానికి చరిత్ర కారణం. పాత ఇంగ్లీషులో విశేషణం చివర ‘ఎ’ అనే అచ్చు చేర్చి క్రియావిశేషణం చేసేవారు; కాలక్రమాన ఆ అచ్చు పలుకుబడిలో రాలిపోగా ఫాస్ట్, హార్డ్ వంటివి రెండు పనులకూ ఒకే రూపంతో మిగిలాయి. శరీరం, ఆకారం అనే అర్థాలున్న పాతమాటకు చుట్టమైన ‘లీ’ విశేషణాలను కూడా పుట్టించింది కనుకనే ఫ్రెండ్లీ, కవర్డ్లీ అడ్జెక్టివ్‌లుగా ఉన్నాయి. జంటగా మిగిలినవి కొన్ని అర్థంలో విడిపోయాయి: లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య, ‘హి వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడతాడని, ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే పనే చేయడన్నంత మాట. దరఖాస్తులో ఈ రెండూ తారుమారైతే ఉద్యోగం దక్కదు.

‘లీ’ లేని క్రియావిశేషణాలు కొన్నింటిని 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో తప్పుపట్టాడు. ఆయన చూపిన తప్పులు డ్రైడెన్ వంటి పెద్ద రచయితలవి. 1795లో వెలువడిన లిండ్లీ మర్రీ వ్యాకరణం అలాంటి నియమాలను బడులకు చేర్చింది. రాతకు క్రమశిక్షణ ఇచ్చిన మేరకు ఆ సంప్రదాయం విలువైనదే కాని, భాష నడిచివచ్చిన దారిని అది సరిగా చూడలేదు. రోడ్డు పక్క బోర్డు మీది ‘గో స్లో’ ఆ పాత దారిలో మిగిలిన ప్రయోగమే కనుక దాన్ని దిద్దనక్కరలేదు; పరీక్షలో మాత్రం ‘స్లోలీ’ రాయడం క్షేమం.