బడి మానేసిన పిల్లకు సున్నా వేస్తామా?

మనసుకు దెబ్బ తగిలిన పిల్లల మీద జరిగే అధ్యయనాలు చాలావరకు చిన్నవి. ఒక ఆసుపత్రిలో వంద మంది, ఒక వరద ఊళ్లో రెండొందల మంది. ఎవరు తేరుకుంటారో ఎవరు తేరుకోరో తేల్చడానికి అంతమంది చాలరు. అందుకే అధ్యయనాలను కలుపుతారు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో నాన్సీ కసామ్-ఆడమ్స్ బృందం పలు దేశాల సమాచారాన్ని అలా ఒకచోట చేర్చింది. నాచారంలో ఇంట్లో కూర్చుని నేను చేసేదీ ఆ తరహా పనే: ఎవరో ఎక్కడో నింపిన ఫారాలను ఒక్క పట్టికలోకి తేవడం. వినడానికి గుమాస్తా పని. చాలావరకు అంతే కూడా.

కొలతల తేడాలు తొందరగానే లొంగుతాయి. క్రైస్ అనే ప్రశ్నావళి గత ఏడు రోజుల సంగతి అడుగుతుంది. మార్కులు 0, 1, 3, 5. రెండూ నాలుగూ అసలు లేవు. యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రశ్నావళి అడిగేది గత నెల సంగతి, 0 నుంచి 4 దాకా. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో డీఎస్ఎమ్-5 అనే రోగనిర్ధారణ పుస్తకం తెచ్చి, దెబ్బ తర్వాత వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక రుగ్మత లక్షణాలను 17 నుంచి 20 చేసింది. వీటన్నిటికీ గణాంక పద్ధతులున్నాయి. ఓపిక ఉంటే చాలు.

చిరునామాలూ అంతే. ఉప్పల్‌లో ఇల్లు కదలని పిల్లవాడు 2013 ఫారంలో ఆంధ్రప్రదేశ్, రంగారెడ్డి జిల్లా, 2015లో తెలంగాణ, రంగారెడ్డి, 2017లో మేడ్చల్-మల్కాజిగిరి. కంప్యూటర్‌కు వదిలేస్తే ఆ కుటుంబం రెండుసార్లు వలస పోయిందంటుంది. వలస పిల్లల ఆందోళన మీద ఎవరో ఒక వ్యాసం కూడా రాసేస్తారు.

లొంగనిది ఖాళీ గడి.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ మూడు వేల మంది పిల్లలను రెండు వయసుల జట్లుగా వెంబడిస్తోంది. 2009 విడత నాటికి చిన్న జట్టుకు ఎనిమిదేళ్లు, పెద్ద జట్టుకు పదిహేను. గత వారం బడిలో దెబ్బలు తిన్నామని మన చిన్నవాళ్లలో 78 శాతం చెప్పారు, పెద్దవాళ్లలో 34 శాతం. బడిలో కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ రాసుకున్నదీ ఆ ఏడాదే.

పెద్దయ్యేకొద్దీ దెబ్బలు తగ్గుతాయని అనుకుంటాం. నిజమే కావచ్చు. కానీ ఆ ప్రశ్న బడిలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. పదిహేనేళ్లకే కొందరు పత్తి చేలకు వెళ్లారు, కొందరు అత్తవారింటికి. వాళ్ల గడి ఖాళీ. ఈ పట్టికను ఇంకో అధ్యయనంతో కలిపేటప్పుడు ఆ ఖాళీలో ఎవరో ఒకరు సున్నా వేస్తారు. మతిమరుపుతో కాదు, ఖాళీ ఉంటే ప్రోగ్రాం ఆ పిల్ల వరసనంతా వదిలేస్తుంది కనుక. దెబ్బలకు భయపడి బడి మానేసిన పిల్ల అలా దెబ్బ తినని పిల్లల్లో చేరిపోతుంది. ఇంతటితో ఆగదు. రెండు ఊళ్లను పోల్చినప్పుడు ఎక్కువమంది బడి మానేసిన ఊరే పిల్లల్ని చల్లగా చూసుకునే ఊరిలా కనిపిస్తుంది.

అందుకే ప్రతి ఖాళీకీ నేను కారణం రాస్తాను: అడగలేదు, వర్తించదు, చెప్పనంది, ఫారం పోయింది. చేరేవి నాలుగు సంకేతాలే అయినా పని రెట్టింపవుతుంది. ‘చెప్పనంది’ అన్నదాన్ని మాత్రం ఎవరు అడిగినా వేరేదాంట్లో కలపను. హింస గురించి అడిగినప్పుడు నోరు విప్పకపోవడమూ ఒక జవాబే.

నింపిన గడి కూడా ఒక్కోసారి కలవదు. 2007లో వెలువరించిన నివేదిక కోసం కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12,447 మంది పిల్లలను అడిగితే ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందని 53 శాతం చెప్పారు. 2012లో పోక్సో చట్టం వచ్చింది. తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. అంటే సర్వేకు వెళ్లినవాళ్లు ఆ మాట పిల్లకు ముందే చెప్పాల్సి ఉంటుంది. అది విన్నాక ఆమె ‘లేదు’ అంటే, 2007 నివేదికలోని ‘లేదు’ పక్కన ఆ జవాబును ఎలా పెడతాం? రెంటినీ కలిపి ఒకే గీత గీసిమ్మనేవాళ్లుంటారు, వేధింపులు తగ్గాయని చూపడానికి. వాళ్లకు రెండు పట్టికలు విడివిడిగా పంపి, మధ్యలో 2012 అని రాస్తాను. బిల్లు మాత్రం ఒకటే.