చావూష్ చాచా ఘోట్నా

హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ అంటే క్షిపణులే గుర్తొస్తాయి అందరికీ. 1970లో వచ్చిన క్షిపణుల ఫ్యాక్టరీ బీడీఎల్, 1973లో వచ్చిన మిశ్రలోహాల ఫ్యాక్టరీ మిధాని, ఆ పక్కనే డీఆర్‌డీవో ప్రయోగశాలలు. ఆ ప్రహరీలు దాటి చాంద్రాయణగుట్ట వైపు పోతే బార్కస్ వస్తుంది. తెల్లవారుజామున అక్కడ దేగ్ మూత తీసినప్పుడు లేచే ఆవిరి ముందు మిగతావేవీ నాకు ఆనవు. ముందే చెప్పేస్తున్నా, నాది ఆ దేగ్‌లో ఉడికే హరీస్ పక్షం.

మా బాపు ఫ్యాక్టరీలో టర్నర్. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి పట్టేవాడు, ఒకరి పనిని ఊరికే మెచ్చేవాడు కాదు. నైట్ షిఫ్టు దిగొచ్చి నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బార్కస్ తీసుకుపోయేవాడు. అక్కడ పొయ్యి ముందు లుంగీ ఎగగట్టి, ఘోట్నా అనే మనిషెత్తు కర్రతో దేగ్‌లో నూరుతున్న పెద్దాయనను చూపించి "ఈయన చేతిలో కొలత ఉంది రా" అన్నాడొకసారి. బాపు నోట అంతకు మించిన బిరుదు నేను వినలేదు.

ఆ పెద్దాయన పేరు రాయను. అందరికీ చావూష్ చాచాయే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన అరబ్బు సిపాయిల సంతతిని చావూష్‌లంటారు; వాళ్లుండే బ్యారక్స్ మన నాలుక మీద బార్కస్ అయింది. వాళ్లలో కొందరు వడ్డీలకు అప్పులిచ్చి గట్టిగా వసూలు చేసేవారు కాబట్టి మా నల్లగొండ నానమ్మకు అరబ్బు మాటంటేనే దడ. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యంతో మొదలైన యుద్ధం ఐదు రోజుల్లో ముగిసింది. 18న మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయిన హైదరాబాద్ సేనాని ఎల్ ఎద్రూస్‌దీ అరబ్బు వంశమే. సిపాయిల కొలువులు పోయాయి. కొందరిని దేశం దాటించారు, మిగిలినవాళ్లు పండ్లో లుంగీలో అమ్ముకుని బతికారు. అప్పటికి ఇరవై నిండని చాచా తుపాకీ అప్పగించి ఘోట్నా పట్టాడు. యుద్ధం సంగతులు అడిగితే నవ్వేసేవాడు. "దానిది ఐదు రోజుల ముచ్చట బేటా. దీనికి రోజూ రాత్రంతా కావాలి."

హరీస్ అన్న మాటకు అరబీ మూలం దంచడం, నలగ్గొట్టడం. పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల పుస్తకంలోనూ ఈ వంట ఉంది. సరుకుల జాబితా చూస్తే పేదరాలి వంటింటిలా ఉంటుంది: పొట్టు తీసి నానబెట్టిన గోధుమ, ఎముకతో మాంసం, నీళ్లు, ఉప్పు, చివర నెయ్యి. మసాలా చాటున తప్పు దాచుకునే వీలు లేదు. రాత్రి ఇషా నమాజు తర్వాత కట్టెల మంట పెట్టి, తెర్లాక మంట లాగేసి నిప్పుల మీద వదిలేస్తారు. కీళ్ల దగ్గరి జిగురు కరిగి గోధుమ గంజిలో కలవడానికి సన్నసెగే మేలు. మాంసం దానంతటదే ఎముకను విడిచాక, ఎముకలన్నీ ఏరేసి ఘోట్నా దింపుతారు. అసలు విద్య ఇక్కడుంది. చాచా నిలువునా పోటు వేసేవాడు కాదు. కర్రను దేగ్ గోడకు ఆనించి, ఒంటి బరువంతా భుజం మీంచి దించి, ఒరిపిడి పెట్టి లాగేవాడు. అలా అయితేనే మాంసం పీచుపీచుగా విడిపోయి గోధుమలో కలిసిపోతుంది. కుడి భుజం అలిసిందంటే ఒక్క దెబ్బ తప్పకుండా ఎడమకు మార్చేవాడు. ఎదురుగా నూరే మనిషి మారినా తాళం మారేది కాదు. మొదట చప్‌చప్‌మనే చప్పుడు క్రమంగా బరువెక్కి మూగబోతుంది, చాచా చెవికి అదే గడియారం. గరిటె ఎత్తితే తీగ సాగాలి, తెగకూడదు. పైన నెయ్యి, అడిగినవాళ్లకు చక్కెర. నాకు సగం తీపి, సగం ఉప్పు.

హలీమ్ దీని బిడ్డే. ఏడో నిజాం కాలంలో అరబ్బు నవాబు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల వల్ల ఊరికి రుచి తగిలిందంటారు. మనవాళ్లు పప్పులు, మసాలా చేర్చారు. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషం. 2023లో యునెస్కో హరీస్‌ను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, యూఏఈ, ఒమన్, సౌదీల పేరున. మరి బార్కస్? ఇన్ని తరాలుగా రాత్రుళ్లు మేల్కొని నూరిన భుజాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇది నాకు కడుపుమంట. అంతకంటే మంట రంజాన్‌లో వీధివీధినా లేచే హలీమ్ డేరాలను చూస్తే. కుక్కర్‌లో మూడు ఈలలు, మిక్సీలో మూడు తిప్పులు, చిక్కదనానికి మైదా, నెయ్యి పేరుతో డాల్డా, పైన వేయించిన ఉల్లిపాయల ముసుగు! మిక్సీ బ్లేడు పీచును కోస్తుంది, విప్పదు. అందుకే ఆ ముద్దలో తీగ సాగదు. అదే పేరుతో దాన్ని అమ్మేవాళ్లకు సిగ్గు లేదు సరే, లొట్టలేసే మనకేమైంది? హైవేల పొడవునా అరబ్బు వంటకం ‘మంది’ హోటళ్ల బోర్డులు పెట్టించిన మనం, ఒక్క తెల్లవారుజామున లేచి బార్కస్ దాకా పోలేమా? నిజమైన చేతికి నాలుగు రూపాయలు ఎక్కువివ్వలేమా?

తొంభై దాటాక చాచాకు భుజం లేవలేదు. దేగ్ పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మనవడి దెబ్బ తడబడితే చేతికర్రతో నేల మీద తాళం అందుకునేవాడు. "జల్దీ నక్కో" అనేవాడు, తొందరొద్దని, అంతే.

ఆయన పోయాక పరామర్శకు వెళ్తే మనవడు ఆ పాత ఘోట్నా తెచ్చి చూపించాడు. అడుగు అరిగి అరిగి జానెడు పొట్టిదైపోయింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, అంత చెక్క ఎటు పోయిందని బాపును అడిగాను.

"మనమే తిన్నాం" అన్నాడు.