పక్కన కూర్చున్న ఫిడేలు

2021 గణతంత్ర దినోత్సవానికి ముందురోజు ప్రకటించిన పద్మశ్రీ జాబితాలో అన్నవరపు రామస్వామి పేరు చోటు చేసుకునేనాటికి ఆయన వయసు 94 ఏళ్లు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1926లో పుట్టి, చిన్ననాడే ఫిడేలు చేతపట్టి, ఆ కమానుతోనే బతుకంతా గడిపిన విద్వాంసుడాయన. గోదావరి జిల్లాల్లో సంగీతం వినేవాళ్లను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గురించి అడిగితే, ఆయన పుట్టిన శంకరగుప్తం దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెబుతారు. అదే బాలమురళి పక్కన కూర్చుని ఫిడేలు వాయించిన సోమవరప్పాడు మనిషి పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు.

ఈ ఇద్దరూ ఒకే గురువు బిడ్డలు. రామస్వామికి మొదట పాఠం చెప్పింది మాగంటి జగన్నాథం చౌదరి. ఆ తర్వాత విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేరారు. పంతులు గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు సాక్షాత్తు త్యాగరాజు. అంటే త్యాగయ్య పాట నాలుగు తరాల చేతులు మారి డెల్టా నుంచి వచ్చిన ఈ కుర్రవాళ్ల దాకా చేరింది. ఒకరు ప్రధానంగా గాయకుడయ్యారు, ఇంకొకరు పక్కవాద్యాన్నే బతుకు చేసుకున్నారు.

పక్కవాద్యం అనగానే పాడేవాళ్ల వెంట వెళ్లడమే గదా అనుకుంటారు. ఆ వెళ్లడంలో ఎంత పనుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి.

ఫిడేలు మన దగ్గరకు వచ్చి రెండు శతాబ్దాలయింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చారని చెబుతారు. మనవాళ్లు దాన్ని పట్టుకునే తీరే మార్చేశారు. బాసంపట్టు వేసుకుని కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి చేర్చుకుంటారు. దాంతో ఎడమచేతికి వాద్యం బరువు మోసే పని తప్పుతుంది. వేళ్లు తీగ మీద పైకీ కిందికీ జారగలవు. గమకం పలికేది ఆ జారుడులోనే. తీగలను కూడా పాశ్చాత్యుల లెక్కన కాక స–ప–స–ప అని శ్రుతి చేస్తారు.

ఆ షడ్జమం రోజుకో చోట ఉంటుంది. నేడు ఒకటి శ్రుతిలో పాడే గాయకుడు, రేపు ఐదు శ్రుతిలో పాడే గాయని. వేళ్ల లెక్క అదే అయినా తీగ బిగువు మారుతుంది, దానితో కమాను మీద పెట్టాల్సిన ఒత్తిడీ మారుతుంది. కచేరీకి ముందు సాధన కలిసి చేసే ఆనవాయితీ మనకు తక్కువ. ఏ రాగం ఎత్తుకుంటారో పక్కనున్నవాళ్లకు చాలాసార్లు ముందుగా తెలియదు. మొదటి రెండు స్వరాల్లోనే రాగాన్ని పోల్చుకోవాలి.

ఆలాపన సాగుతున్నప్పుడు ఫిడేలు గొంతుకు రవ్వంత వెనకగా, సన్నగా నడవాలి. గాయకుడు ఒక స్వరం మీద ఆగి ఊపిరి తీసుకుంటే ఆ స్వరాన్ని ఫిడేలు పట్టి ఉంచాలి, లేకపోతే రాగం మధ్యలో తెగిపోతుంది. తర్వాత తన వంతు వస్తుంది. అప్పుడు పాడినదాన్నే తిరిగి అప్పజెబితే పస ఉండదు. మరీ దూరం పోతే గాయకుడు కట్టిన వాతావరణం చెదిరిపోతుంది. కృతిలో ఇంకో చిక్కు: సాహిత్యంలో అక్షరం మారేచోట కమాను మారాలి. అలా మారితేనే మాటలు తెలిసిన శ్రోతకు తీగ మీద మాటలే వినిపిస్తాయి.

అసలు పరీక్ష కల్పనస్వరాల్లో, అంటే గాయకుడు అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో. ఆది తాళం ఒక ఆవర్తనానికి 8 అక్షరాలు, అక్షరానికి నాలుగు చొప్పున 32 మాత్రలు. గాయకుడు 10 మాత్రల స్వరాన్ని మూడుసార్లు పాడి, మధ్యలో రెండుచోట్ల ఒక్కో మాత్ర విడిచిపెట్టాడనుకోండి: 30, దానికి రెండు కలిస్తే 32. ఆ ముగింపు, అంటే ముక్తాయి, సరిగ్గా తాళం మొదలయ్యే సమానికి వచ్చి పడుతుంది. ఈ లెక్కను ఫిడేలు విద్వాంసుడికి ఎవరూ కాగితం మీద రాసివ్వరు. ఒక్కసారి వినగానే పట్టుకుని, ఆ మరుక్షణమే తీగ మీద బదులివ్వాలి.

బాలమురళి పక్కన కూర్చోవడమంటే ఇంకో మెట్టు పైన. ఆయన నాలుగే స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలు కల్పించిన మనిషి. పైగా స్వయంగా వయొలిన్, వయోలా వాయించగలరు. లవంగిలో గాంధారం లేదు, పంచమం లేదు, నిషాదం లేదు. ఏళ్ల తరబడి ఆ చోట్లకు అలవాటుపడిన వేలు ఒక్కసారి అటు జారినా రాగం చెడుతుంది. అలాంటి గాయకుడికి సరితూగే తోడుగా నిలవడం రామస్వామి విద్వత్తుకు పెద్ద రుజువు.

రామస్వామి 1948 నుంచి 1986 దాకా విజయవాడ ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. రేడియోలో పక్కవాద్యకారుడి పనంటే ఒక బాణీకి కట్టుబడటం కుదరదు. ఈరోజు వచ్చినవారి పాఠాంతరం ఒకటి, రేపు వచ్చేవారిది మరొకటి. ఏ కృతికి ఏ సంగతి ఎవరు ఎలా పాడతారో చెవికి గుర్తుండాలి. అంతటితో ఆగక ఆయన వందన, శ్రీదుర్గ అనే రాగాలను, త్రినేత్రాది, వేదాది అనే తాళాలను సృష్టించారు. పక్కన కూర్చునే విద్వాంసుడికి సొంత ఊహ ఉండదనే అపోహకు ఇదే జవాబు.

ప్రధాన కళాకారుడి వెలుగులో పక్కవారు కనబడకపోవడం మన దగ్గరే కాదు. 1954 జులైలో అమెరికాలోని మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు చేసినప్పుడు గిటారు వాయించింది స్కాటీ మూర్, బేస్ వాయించింది బిల్ బ్లాక్. అప్పటి రికార్డు లేబుల్ మీద ఎల్విస్ పేరుతోపాటు వాళ్ల పేర్లూ అచ్చయ్యాయి. పేరుప్రతిష్ఠలు పెరిగేకొద్దీ ఆ ఇద్దరూ వెనక్కు పోయారు, జీతం చాలక 1957లో తప్పుకున్నారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారుల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది 2000లో. ఆ ఏడాదే స్కాటీ మూర్‌కు అందులో చోటిచ్చారు.

మన దగ్గర ఈ విషయంలో ఆకాశవాణి మంచి మర్యాద పాటించింది. కచేరీ ప్రసారంలో గాయకుడి పేరు చెప్పాక వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో కూడా చెప్పేవారు. ఇప్పుడు ఆ పాత టేపులే ఇంటర్నెట్‌లోకి ఎక్కుతున్నాయి. వాటిలో చాలావాటి కింద గాయకుడి పేరొక్కటే ఉంటోంది, ప్రకటన భాగాన్ని కత్తిరించి పెట్టడం వల్ల మిగతా పేర్లు పోతున్నాయి. ఇంట్లో క్యాసెట్లున్నవారు, సభలు నడిపేవారు, పాత కచేరీలను డిజిటల్ చేస్తున్నవారు ఆ ప్రకటనను ఉంచి, తేదీతోపాటు పక్కవాద్యకారుల పేర్లూ రాయాలి. అలా చేస్తే అన్నవరపు రామస్వామి వాయించిన కచేరీల పట్టిక ఒకటి తయారవుతుంది, ఫిడేలు నేర్చుకునే పిల్లలకు అదే పాఠ్యపుస్తకంగా పనికొస్తుంది.