పేరు లేని సీరియల్

పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్లం మాకో అలవాటుంది. నవల వస్తే కథనం గురించి, కవిత్వం వస్తే అభివ్యక్తి గురించి కాలమ్‌లకు కాలమ్‌లు నింపుతాం. పిల్లల పుస్తకం వస్తే మాత్రం 'బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, నీతి బాగుంది' అని రెండు ముక్కలు రాసి 'స్వీకారం' శీర్షిక కిందికి నెట్టేస్తాం. వాక్యం ఎలా నడిచిందో ఎవరికీ పట్టదు.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన 'చందమామ' సంగతే చూడండి. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' సీరియళ్ల కోసం పిల్లలతోపాటు పెద్దలూ నెలనెలా కాచుక్కూర్చునేవాళ్లు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. బొమ్మల కింద చిత్రకారుడు చిత్రా సంతకం కనిపించేది గానీ, రాసినాయన పేరు ఎక్కడా ఉండేది కాదు.

సీరియల్ పేజీలు చింపి, అట్టముక్కల మధ్య పెట్టి దారంతో కుట్టిన బైండు ఒకటి మా ఇంట్లో ఉంది. కొన్ని పేజీల వెనక వేరే కథల తోకలు వేలాడుతుంటాయి. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ ఉంటుంది. నదులూ కోటలూ మాంత్రికులూ దాటొచ్చిన కథంతా ఆ కాసిని వాక్యాల్లో, తీసేయడానికి ఒక్క మాటైనా లేకుండా! అలా కుదించడం ఎంత కష్టమో కలం పట్టి చూస్తే తెలుస్తుంది.

ఆ పొదుపు ఊరికే రాలేదు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు 'చందమామ'లోనే ఉన్నారు. వచ్చిన కథల్ని తిరగరాసి వాడుక తెలుగులో నిలబెట్టారు. సాహిత్య సభల్లో మాత్రం ఆయన నవల 'చదువు' గురించే ఎక్కువ వింటాం.

పురస్కారాల సంగతీ అంతే. సాహిత్య అకాదెమీ 1955 నుంచి పురస్కారాలిస్తోంది. బాల సాహిత్యానికి ప్రత్యేక పురస్కారం మొదలైంది 2010లో. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద 'అడవి తల్లి'కి దక్కింది. పెద్దల పుస్తకానికి రూ.లక్ష, పిల్లల పుస్తకానికి రూ.50 వేలు. ఎవరి విలువెంతో అకాదెమీయే లెక్కకట్టి చెప్పినట్టుంది! దాసరి కూడా ఆ 2010లోనే పోయారు. ఇప్పుడాయన సీరియళ్లు అట్టమీద ఆయన పేరుతో పుస్తకాలుగా దొరుకుతున్నాయంటే, ఆ పుణ్యం విమర్శకులది కాదు. చిన్నప్పటి కథను పెద్దయ్యాకా వదలని పాఠకులది.

తోటి సమీక్షకులకు ఒక విన్నపం. ఈసారి పిల్లల పుస్తకం చేతికొస్తే నీతి జోలికి పోకండి. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు తప్పక వేయండి. బాగున్న వాక్యాన్ని ఎత్తి చూపండి. బాగా లేకపోతే, పెద్దల నవలను చీల్చి చెండాడినట్టే దాన్నీ చెండాడండి.