సమాధానం

మదనపల్లెలో మా వీధి ఆడవాళ్ళం నెలకొకసారి ఎవరో ఒకరింట్లో చేరి ఒక కథ చదువుకుంటాం. చదివేది అరగంట, మాట్లాడుకునేది రెండు గంటలు. అందులో కథ గురించి ఎంతసేపు అని మాత్రం అడక్కండి! కిందటి నెల మా ఇంటి వంతు. కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' చదివాను. పూర్తయ్యేసరికి పళ్ళెంలో ఉడకేసిన శనక్కాయలు అలాగే ఉన్నాయి. చాలాసేపటికి ఎదురింటి వదినగారు నోరు విప్పారు.

"అంత ఘోరం ఎందుకండీ? పెద్దమనుషులు కూర్చున్నారు, ఓర్పుగా మాట చెప్పారు. రాజీ పడిపోయి ఉంటే ఆ పసివాడు బతికేవాడు కదా!"

కాదనడానికి నాకు వెంటనే మాట దొరకలేదు. అవుననడానికి మనసొప్పలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ ఇబ్బందిలోంచి పుట్టినవే.

కథ చదవనివారి కోసం రెండు మాటలు చెబుతాను. 1966లో 'యువ' పత్రికలో వచ్చిన పెద్ద కథ ఇది. సుందరపాలెం అనే ఊళ్ళో అప్పల్రాముడనే పేదవాడి బాకీ మీద పంచాయితీ జరుగుతుంది. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు. మాట అటూ ఇటూ నడిచి, చివరకు బాకీ తీర్చవలసిందేనని తేలుతుంది. భూమి వదులుకోవడానికి ముసలాయన ఒప్పుకుంటాడు. పెద్ద కొడుకు సీతారాముడు మాత్రం తన బిడ్డకు ఈ బానిసబతుకు వద్దని, ఆ బిడ్డను తన చేతులతోనే చంపి సభ ముందుకు తెస్తాడు.

మామూలు రచయిత అయితే శ్రీరాములునాయుణ్ణి మీసాలు మెలేసే దుర్మార్గుణ్ణి చేసి ఉండేవాడు. మనమూ హాయిగా తిట్టుకుని పుస్తకం మూసేవాళ్ళం. కారా మాస్టారు ఆ అవకాశం ఇవ్వలేదు. నాయుడు మంచివాడు, ఊరి బాగు కోరినవాడు. ఎవరూ గొంతు పెంచరు. లెక్క సరిగానే కడతారు. ఆ లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పే హక్కు మాత్రం ఒక పక్షానికే ఉంది. బాకీ ఎంతో అందరూ అడుగుతారు. ఇన్నేళ్ళు కష్టపడ్డవాడు ఇంకా బాకీదారుగానే ఎందుకు మిగిలాడో తేల్చవలసిన పని ఎవరికీ పడదు. నా మటుకు ఈ కథ గొప్పతనం అక్కడుంది. మంచివాళ్ళు కూర్చుని, మర్యాదగా మాట్లాడి, సభ్యంగా చేసిన రాజీలో కూడా ఒక హత్య దాగి ఉండవచ్చునని చూపించింది.

ఇక్కడ సొంతగోడు ఒకటి చెప్పుకోవాలి. పుంగనూరులో మా చిన్నమ్మ ఉంది. నలభై ఏళ్ళ కిందటి మాట ఇది. చిన్నాయన చెయ్యి చేసుకుంటే, కడుపుతో ఉన్న మనిషి గడపమీద పడి బిడ్డ పోయింది. నాలుగోనాడు పెద్దలు వసారాలో కూర్చున్నారు. పరువు గురించి, పెళ్ళి కావలసిన ఆడపడుచుల గురించి, పంటకొచ్చిన చెరకు గురించి మాట్లాడారు. "అయిందేదో అయింది, కలిసిపోండి" అన్నారు. చిన్నమ్మ వంటింట్లో కాఫీ కలిపింది. గ్లాసులు మోసింది నేను. బయల్దేరేముందు "సర్దుకుపో చిన్నమ్మా" అన్నదీ నేనే. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పెద్దమనిషి తరహాగా మాట్లాడానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మొన్న పుంగనూరు పోయినప్పుడు ఆమెకు 'యజ్ఞం' చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది. "ఆ బిడ్డను కనిందాన్ని ఎవురైనా ఏమన్నా అడిగినారా పాపా?"

కథ మళ్ళీ తిరగేశాను. అడగలేదు. తీర్పు చెప్పినవాళ్ళూ అడగలేదు, తీర్పు మీద తిరగబడ్డ సీతారాముడూ అడగలేదు. ఇన్నిసార్లు చదివిన నాకు తట్టని ప్రశ్న, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి విన్న మనిషికి తట్టింది.

ఆ ప్రశ్న మూటగట్టుకునే కుప్పం పోయాను. మా అక్కకూతురు అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. పుంగనూరులో బస్సెక్కితే పలమనేరు, వి.కోట మీదుగా పోవాలి. పోనుపోను బస్సులో మాట మారిపోతుంది. ముందు సీటులో తమిళం, వెనక సీటులో కన్నడం, కండక్టరు నోట మూడూ! మా పిల్ల రువాండా గురించి వ్యాసం రాసుకుంటోంది. "పిన్నీ, 'సమాధానం' అంటే నీకేం తోస్తుంది?" అంది.

"జవాబు."

"నా గదిలో ఉండే తమిళమ్మాయికి శాంతి, సఖ్యత. కన్నడం అమ్మాయికి ఊరట. మాట ఒకటే!"

మన తెలుగు బైబిలులోనూ సమాధానమంటే శాంతేనని అప్పుడు గుర్తొచ్చింది. జవాబు, ఊరట, శాంతి. ఈ మూడూ ఏ వరసలో రావాలి? మా పిల్ల రాస్తున్న దేశానికి ఎదురైన చిక్కూ ఇదే.

1994లో రువాండాలో సుమారు వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షలమందిని చంపేశారు. చనిపోయినవారిలో ఎక్కువమంది టుట్సీలు. చంపినవాళ్ళలో పక్కింటివాళ్ళున్నారు, ఒకే బావిలో నీళ్ళు తోడుకున్నవాళ్ళున్నారు. తరవాత జైళ్ళలో లక్షమందికి పైగా నిండిపోయారు. అందరినీ మామూలు కోర్టుల్లో విచారించాలంటే తరాలు పడుతుంది. అందుకని పాతకాలపు ఊరి పంచాయితీని కొత్త చట్టంతో నిలబెట్టారు. దాని పేరు 'గచాచ'. వాళ్ళ భాషలో పచ్చిక అని అర్థమట, ఊరివాళ్ళంతా పచ్చికమీద కూర్చుని తగవు తీర్చుకునేవారు గనక. 2002లో కొన్నిచోట్ల మొదలై, 2005లో దేశమంతటా పాకి, 2012లో ముగిశాయి. సుమారు పన్నెండువేల పంచాయితీలు పంతొమ్మిది లక్షలకు పైగా కేసులు విన్నాయి. జడ్జీలు ఊరివాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. చేసిన నేరం ఒప్పుకుని, శవాన్ని ఎక్కడ పూడ్చారో చెప్పి, అందరి ముందూ క్షమాపణ అడిగితే శిక్ష తగ్గేది. అంటే ముందు జవాబు, ఆ తరవాతే సఖ్యత.

అదేమీ స్వర్గం కాదు. నిందితులకు వకీళ్ళు లేరు. సాక్ష్యం చెప్పినవాళ్ళకు ప్రాణభయం తప్పలేదు. గెలిచిన పక్షం సైనికులు చేసిన హత్యలు ఆ పచ్చికమీదికి రానేలేదు. పక్క దేశం టాంజానియాలో, అరూషా నగరంలో ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు ఇంకొకటి ఉండేది. ఒక జాతిని తుడిచిపెట్టే ప్రయత్నంలో జరిగిన అత్యాచారం ఆ జాతిసంహారంలో భాగమేనని 1998లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. సిగ్గు విడిచి కాదు, సిగ్గుపడవలసింది తాము కాదని తెలుసుకుని కొందరు ఆడవాళ్ళు వచ్చి నోరు విప్పితేనే ఆ తీర్పు సాధ్యమైంది.

"మన దగ్గరో?" అని మా పిల్ల అడిగింది. రువాండాతో సరిపోల్చదగిన సంఖ్యలు కావు, కాని ఊరు ఊరినే చంపిన సంగతులు మనకూ ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. తాగేనీళ్ళ చెరువు దగ్గర తగాదాలో ఒక దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదిరించడం దీనికి నాంది. రోజూ మన చంకనుండే బిందె! బతికినవాళ్ళు చీరాలకు పారిపోయారు, అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరి ఇరవైతొమ్మిదిమందికి మూడేళ్ళ శిక్ష ఖాయం చేసేసరికి 2008 వచ్చింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వాళ్ళవాళ్ళు శవాల్ని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. తగవు తీర్చమని వాళ్ళు ఊరి పెద్దల దగ్గరికి పోలేదు. 1989 చట్టం ప్రకారం ప్రత్యేక కోర్టు కావాలన్నారు, అదీ మా ఊళ్ళోనే కూర్చోవాలన్నారు. పోరాడి సాధించుకున్నారు. ఇది విన్నాక నాకు 'యజ్ఞం' ఇంకోలా అర్థమైంది. అప్పల్రాముడికి దొరికింది ఊళ్ళో సభ. అందులో కూర్చున్నవాళ్ళు ఎవరో మనకు తెలుసు. చుండూరువాళ్ళు ఊరిని వదల్లేదు, సభనూ వదల్లేదు. బల్ల వెనక కూర్చునేవాళ్ళను మార్చమన్నారు.

2007 జూలైలో ఆ కోర్టు ఇరవైఒక్కమందికి యావజ్జీవం, ముప్పైఅయిదుమందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఎనిమిదిమందిని ఎవరూ చంపలేదన్నమాట! ఆ రోజు చుండూరుకు ఏ భాషలోనూ సమాధానం దొరకలేదు. వాళ్ళు మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

ఇంతకీ వదినగారికి ఏం చెప్పాలి? రాజీ వద్దని నేననను. ఒకే వీధిలో, ఒకే కొళాయి దగ్గర బతకవలసినవాళ్ళం, కలిసి ఉండక ఏం చేస్తాం? మన సీరియళ్ళ చివరి భాగంలో అందరూ కలిసిపోతే కళ్ళు తుడుచుకునేదాన్నే నేనూ. కాని దెబ్బతిన్నవాళ్ళను ఏం జరిగిందని అడగకుండా కలిపేస్తే, కలిసినట్టు కనబడేది కలిపినవాళ్ళ కంటికే. ఓర్చుకోమని చెప్పేది ఎప్పుడూ నష్టపోయినవాళ్ళకే ఎందుకో గమనించారా? 'యజ్ఞం' మనల్ని అంత బాధపెట్టేది అందుకే. ఆ పసివాడు రాజీ లేక చనిపోలేదు. రాజీ అయిపోయాకే చనిపోయాడు.

తిరుగుదారిలో పుంగనూరులో దిగాను. చిన్నాయన పోయి ఆరేళ్ళయింది. చిన్నమ్మ స్టవ్వు దగ్గరికి లేవబోతే కూర్చోబెట్టి, కాఫీ నేనే కలిపి ఇచ్చాను. "చిన్నమ్మా, ఆ పొద్దు ఏం జరిగింది?" అన్నాను.

చాలాసేపు నా మొగం చూసింది. "ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా పాపా?" అనింది. తరవాత మొదలుపెట్టింది. నేను సర్దుకుపొమ్మన్న మాట దగ్గరికి కూడా వచ్చింది. దాటెయ్యలేదు. నేనూ తల దించుకుని విన్నాను.

కాఫీ ఇద్దరిదీ చల్లారిపోయింది. మదనపల్లె చివరి బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.